మా నాయన కథలు మానేసిన సంగతి

మా తమ్ముడి కొడుకు రఫీ మొన్న పొద్దున్నే వచ్చి మా వంటింటి గడప మీద కూలబడ్డాడు. వాడు స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను నడుపుతాడు. ముందు రోజు సాయంత్రం బస్టాండు దగ్గర రెండు గుంపులు కొట్టుకున్నాయట. ఒక కుర్రాడి తల పగిలితే గుంటూరు తీసుకుపోయారు, బతుకుతాడో లేదో తెలియదు. ఆ కేసులో రఫీ పేరు కూడా రాశారని, స్టేషనుకు రమ్మని కబురొచ్చిందని చెప్పాడు. నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఈ సంగతి ఎవరెవరికి చెప్పావురా అని అడిగాను. ఎవరికీ చెప్పలేదత్తా, మన వీధి గ్రూపులో ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టానంతే అన్నాడు. ఒక్కటంట! ఆ గ్రూపులో పాలుపోసే ఆయన దగ్గర్నుంచి ఊళ్ళో లేని అల్లుళ్ళ దాకా అందరూ ఉన్నారు. ముందు దాన్ని చెరిపెయ్యరా సన్నాసీ అనబోయి ఆగిపోయాను. చెరిపేస్తే ఏమవుతుందో మా ఇంటికి తెలిసినంతగా ఇంకో ఇంటికి తెలియదు. మా నాయన వ్యాను కడిగిన సాయంత్రం గుర్తొచ్చింది.

అప్పట్లో మేం మాచర్లలో, నాపరాళ్ళు కోసే మిషన్ల వెనక సందులో ఉండేవాళ్ళం. మా ఇంటి నేల నాపరాయి, గోడ నాపరాయి, అంట్లు తోమే అరుగు నాపరాయి. మిషన్లు తిరుగుతున్నంతసేపూ ఎవరితో ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. కరెంటు పోయిందంటే ఒక్కసారిగా సందంతా సద్దుమణిగి, ఎవరింట్లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో అందరికీ వినపడేది. గాలిలో ఎప్పుడూ తడి రాతిపొడి వాసన. మా నాయన లుంగీకి డీజిలు వాసన. గురువారం సాయంత్రాలు మా నాయనమ్మ వేసే ఊదు పొగ దిగితే తప్ప ఆ రెండూ తగ్గేవి కావు. మేం సాయిబులమే గానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, నాయనను నాయనా అనే పిలిచేదాన్ని. ఆయన పేరు మస్తాన్. వెల్దుర్తి వైపు పల్లెలకు వ్యాను తోలేవాడు. పొద్దున మనుషుల్ని ఎక్కిస్తే, మధ్యాహ్నం మిర్చి కుక్కిన టిక్కీ బస్తాలు ఎక్కించేవాడు. ఆ ఘాటుకి వ్యానులో కూర్చున్న ప్రతివాడూ ఎవరో పోయినట్టు కళ్ళు తుడుచుకుంటూ దిగేవాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడంటే మా నాయన కథ మొదలుపెట్టినట్టే. అన్నం కలుపుతున్న చెయ్యి గాల్లోకి లేచేది, మెతుకులు మా మీద పడేవి. ఆయనకొక పులి ఉండేది. వెల్దుర్తి అవతల అడివంచున రోడ్డుకు అడ్డంగా నిలబడి, వ్యాను లైట్ల వెలుతుర్లో తన కళ్ళల్లోకి సూటిగా చూసిందనే పులి. చెప్పిన ప్రతిసారీ అది జానెడు పెరిగేది. మా అమ్మ కాశింబీ పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తూ, పోయినసారి దానికి అంత తోక లేదే అనేది. ఊపుతా ఉంటే నాకు కనపళ్ళేదులే అనేవాడాయన. నేనూ తమ్ముడూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ పులిని మేం నమ్మామా లేదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. పళ్ళెంలో అన్నంతో పాటు వచ్చేదే అదీ.

ఒక మధ్యాహ్నం ఖాళీ వ్యానుతో తిరిగొస్తుంటే, పత్తి చేను గట్టున ఒక మనిషిని నరికి పడేసి ఉన్నారు. ఆ ఊళ్ళో రెండు పార్టీలకు పగలున్నాయని మాచర్లలో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. ఇంకొకరైతే గేరు మార్చి వెళ్ళిపోయేవాళ్ళు. మా నాయన ఆ మనిషిని ఎత్తుకొచ్చి వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తోలాడు. దారిలోనే ప్రాణం పోయింది. శవాన్ని ఆసుపత్రివాళ్ళకు అప్పగించి, నేరుగా కాలువకు పోయి వ్యాను కడిగాడు. మా దగ్గర బండి నడిపే ఏ మనిషైనా అదే చేస్తాడు. బండిలో ప్రాణం పోయినా, రక్తం పడినా, పొద్దుగూకే లోపల పారే నీళ్ళతో కడగాలి. హిందువులైతే నిమ్మకాయలు కట్టి కొబ్బరికాయ కొడతారు, మేమైతే ఊదు వేస్తాం. అది చేయకపోతే ఆ బండిలో మళ్ళీ ఎవరూ కాలు పెట్టరు. మా నాయనమ్మ పొయ్యిలో నిప్పులు తెచ్చి ఊదు వేసి, తలుపులు మూసి వ్యాను నిండా పొగ పట్టించింది. కిటికీల సందుల్లోంచి పొగ బయటికి వస్తుంటే పిల్లలం చుట్టూ నిలబడి చూశాం. ఒక్క రక్తపు మరక మిగల్లేదు. ఎంత బాగా కడిగావురా అని మా నాయనమ్మ కొడుకుని మెచ్చుకుంది కూడా.

మర్నాడు పొద్దున్నుంచే పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు ఒక ఇంట్లో ఏదన్నా జరిగితే మనుషులు వచ్చి కూర్చోవాలి, కూర్చున్నవాళ్ళకు టీ ఇవ్వాలి, టీ తాగేవాళ్ళకు జరిగింది మొదట్నుంచీ చెప్పాలి. మధ్యలో వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదట్నుంచీ. చెప్పకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. మా నాయనకు ఇంతకన్నా ఏం కావాలి! నరికిన మనిషిని ఎలా ఎత్తాడో మా తమ్ముణ్ణి ఎత్తి చూపించాడు. ముందొచ్చినవాళ్ళకు చేలో ఎవరూ కనపడలేదన్నాడు. తర్వాతవాళ్ళకు ఎవరో పరిగెత్తినట్టు అనిపించిందన్నాడు. సాయంత్రానికి మా పక్కింటి సుభానీ మామ రాళ్ళ పని దిగి వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, వరసకు మామ. అప్పటికి మా నాయన గొంతు బొంగురుపోయి ఉంది, కథ మాత్రం బాగా పదునెక్కింది.

"నరికినోళ్ళు ఏ చొక్కాలేసుకున్నారో కూడా చెప్పగల్ను మామా. నా కళ్ళ ముందే గదా అంతా" అన్నాడు.

నేను టీ గ్లాసులు కడుగుతూ విన్నాను. సుభానీ మామ నోరు తెరుచుకుని వింటున్నాడు. నాకు ఆ క్షణాన గర్వంగానే ఉంది.

మా వైపు ఇట్లాంటి ఫిర్యాదు రాయించేటప్పుడు నరికినవాళ్ళ పేర్లతో ఆగరు. రేపు ఎదురు నిలబడగలిగిన మగవాళ్ళందర్నీ కలుపుతారు. అంతమంది వచ్చి నరికారంటే వాళ్ళు వచ్చేందుకు ఒక బండి కావాలి కదా. ఆసుపత్రి ముందు మా వ్యాను కనపడనే కనపడింది. నరికినవాళ్ళను తీసుకొచ్చింది మస్తాన్ వ్యానేనని చనిపోయినాయన తాలూకు వాళ్ళు రాయించారు. పోలీసులు మా ఇంటికొచ్చిన వేళకు మా నాయన ఇంకెవరికో కథ చెప్తూనే ఉన్నాడు. వచ్చిన ఎస్సై వ్యానులో తలపెట్టి చూసి, రక్తం ఏదయ్యా అని అడిగాడు. కడిగేశానండీ అన్నాడు మా నాయన, ఆయన కూడా మెచ్చుకుంటాడేమోనన్నట్టు. ఎందుకు కడిగావని అడిగితే మాత్రం నాయనమ్మ వంక చూశాడు. ఆయన్ను జీపెక్కించుకుని పోయారు. అరుగు మీద ఆయన గ్లాసులో టీ సగం అలాగే ఉంది. వచ్చి కూర్చున్నవాళ్ళంతా చెప్పులు వెతుక్కుని ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో దిగిన భయాన్ని నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, మొన్న రఫీ వచ్చేదాకా. నాయనమ్మ తమలపాకు చేతిలో పట్టుకుని సున్నం రాయడం మర్చిపోయి కూర్చుంది. జీపు చప్పుడు వినపడితే తమ్ముడు లుంగీలు పెట్టే ట్రంకుపెట్టె వెనక దూరేవాడు. మా మేనమామ వచ్చి, పెద్దాయన దగ్గరకు పోయి కాళ్ళ మీద పడదాం అన్నాడు. పెద్దాయనంటే, నరికిన పార్టీకి నాయకుడు. ఆ చుట్టుపక్కల పంచాయితీలన్నీ ఆయన అరుగు మీదే తెగేవి. ఆయన కాదనడు. కానీ ఏమంటాడో కూడా అందరికీ తెలుసు. నేనే తోలుకొచ్చానని ఒప్పుకుని లోపలికి పో, నీ ఇంటిని నేను చూసుకుంటా అంటాడు. అట్లా ఇంకొకరి బదులు జైలుకు పోయిన ఒకాయన పెళ్ళాం మా సందులోనే గాజులమ్ముకుని బతికేది. మా అమ్మ ఆ గాజులావిడ ఇంటి వైపు చూసి, ప్లీడరు దగ్గరకు పోతానంది. మేనమామకు కోపమొచ్చింది. ప్లీడరు కాడికి పోతే తప్పు చేసినట్టే గదా అన్నాడు. ఆ రోజుల్లో అందరి నమ్మకమూ అదే, తప్పు చేసినవాడికే ప్లీడరని.

"చేసినోళ్ళకి పెద్దాయనున్నాడు. చెయ్యనోడికే ప్లీడరు కావాల" అంది మా అమ్మ. బురఖా తగిలించుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

ప్లీడరు చెన్నకేశవరావు గారికి చెవుడు. ఆయన వరండా వీధిలోకే ఉండేది, వచ్చినవాళ్ళు తమ గోడు అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మా అమ్మ నోరు తెరవగానే చెయ్యెత్తి ఆపి, చెప్పులేసుకుని మమ్మల్ని ఎదురుగా రాళ్ళు కోసే మిషను దగ్గరకు తీసుకుపోయాడు. రంపం రాయిని కోస్తుంటే ఆ చప్పుడులో ఎంత అరిచినా పక్కమనిషికి వినపడదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినవాళ్ళ మాట ఆయనొక్కడికే చేరేది. వాళ్ళిద్దరి మధ్యా ఇరుక్కున్న నాకూ మాటలు వినపడుతున్నాయి, మా ముఖాల మీద తెల్లటి నీళ్ళ తుంపర పడుతోంది. మీ ఆయన ఇప్పటిదాకా ఎంతమందికి చెప్పాడు అని అడిగాడాయన. మా అమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టి, రెండు చేతులూ అయిపోయాక ఊరుకుంది. ఆయన నుదురు పట్టుకున్నాడు. నిజమే గదయ్యా చెప్పింది, నిజానికి భయమేంది అని మా అమ్మ అరిచింది.

"నిజానికి భయం లేదమ్మా. మీ ఆయన దానికి తగిలించే తోకలకే నా భయం" అన్నాడు.

మా అమ్మ ఉలిక్కిపడింది. ఆయనకు పులి సంగతి తెలిసే వీల్లేదు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, బురఖా అంచుతో మూతి మూసుకుంది. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఇక మీదట మీ ఆయన ఎవరికీ చెప్పకూడదు, నీకు కూడా. నువ్వు అడగొద్దు. నీకు తెలియకపోతే ఏ పార్టీవాడొచ్చి బెదిరించినా నీ దగ్గర వాడికి దొరికేది ఏమీ ఉండదు. నాకొక్కడికే చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు. నా చెవిన పడింది ఇంకెక్కడికీ పోదు, మాటిస్తున్నా. అట్లా చెప్పి ఆ పూటే స్టేషనుకు పోయి మా నాయనను కలిశాడు. ఏమడిగినా మా ప్లీడరు గారు చెప్తారండీ అనమని నేర్పాడు. మాట్లాడకుండా ఉండటం కూడా నీ హక్కేనయ్యా అంటే మా నాయన తెల్లమొహం వేశాడట. ఆయన బతుకులో ఎవరూ ఆయన్ను మాట్లాడొద్దనలేదు మరి.

సబ్‌జైలులో కొంతకాలం ఉన్నాక బెయిలు వచ్చింది. బయటికి వచ్చిన రోజునే ప్లీడరు గారు ఆయన్ను మిషను దగ్గరకు తీసుకుపోయారు. నేనూ అమ్మా దూరంగా రాళ్ళ దొంతర పక్కన నిలబడ్డాం. మా నాయన వంగి ఆయన చెవిలో చెప్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. నాకు ఒక్క ముక్క వినపడలేదు. కానీ ఒకటి చూశాను. ఆయన చేతులు రెండూ కిందికి వేలాడుతూనే ఉన్నాయి. కథ చెప్తూ ఆయన చేతులు కదపకపోవడం నేను చూడటం అదే మొదలు. ప్లీడరు గారు మధ్యలో ఒక్కసారి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. దేనికి వేశారో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇంటికొచ్చాక మా అమ్మ గుమ్మంలోనే ఆయన్ను ఆపింది. నాక్కూడా చెప్పమాక అంది. ఆయన తలూపి లోపలికి పోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అన్నం తినే చప్పుడు వినపడటం మొదలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళకు మా అమ్మ టీ ఇచ్చేది, పిండి ధరలూ ఎండలూ మాట్లాడేది. రెండు పార్టీల మనుషులూ వచ్చి కూర్చునేవాళ్ళు. మీ ఆయన ఏదో చూశాడంట గదా అని ఒకడు, చనిపోయేముందు ఆయన వ్యానులో పేర్లేమన్నా చెప్పాడంట గదా అని ఇంకొకడు. మాకేం తెల్దన్నా అనేది మా అమ్మ. అది అబద్ధం కాదు. అందుకే ఆమె గొంతు వణికేది కాదు. వాళ్ళు పోయాక గ్లాసులు కడుగుతుంటే మాత్రం ఒకసారి ఆమె చేతిలోంచి గ్లాసు జారి పగిలింది.

నా భయం వేరు. ఇంట్లోవాళ్ళ భయమల్లా పోలీసులూ పార్టీలూనే. నాకు మా నాయనంటేనే భయం పట్టుకుంది. చొక్కాలు కూడా చెప్పగలనన్నాడు కదా, మరి ఎట్లా చెప్పగలడు? నిజంగానే తోలుకెళ్ళాడా? తెలియకుండా ఎక్కించుకున్నాడా? తెలిసే ఎక్కించుకున్నాడా? నేను పొద్దున్నే స్కూలుకు పోయేముందు ఆయన నాకు జడరిబ్బను ముడివేసేవాడు. ఆ వేళ్ళు మెడకు తగిలితే ఒళ్ళు జలదరించేది. అవే వేళ్ళు, డీజిలు వాసన కొట్టే అవే వేళ్ళు. అడుగుదామంటే అడగకూడదు. ఆయన చెబుదామన్నా చెప్పకూడదు. అట్లా వాయిదా మీద వాయిదా, ఏళ్ళు గడిచాయి. నాకు జడ నేనే వేసుకునే వయసొచ్చింది.

కేసు నరసరావుపేట కోర్టులో విచారణకు వచ్చినప్పుడు అమ్మ నన్నూ తీసుకుపోయింది. సుభానీ మామ బోనెక్కాడు. మస్తాన్ నా ముందే ఒప్పుకున్నాడు, అంతా కళ్ళముందే జరిగిందన్నాడు, చొక్కాలు కూడా చెప్పగలనన్నాడు అని సర్కారు తరఫున చెప్పించారు. ఆయన తప్పేం లేదు, విన్నదే చెప్పాడు. మా నాయన తల వంచుకుని నిలబడ్డాడు. మా అమ్మ పెదాలు అల్లాను తల్చుకుంటూ కదులుతున్నాయి. ఆ ఒక్క మాటతో మా నాయన బతుకంతా జైలుకు పోతుందని ప్లీడరు గారు ముందే చెప్పారు. ప్లీడరు గారు లేచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మస్తాన్ మీకు పులి కథ కూడా చెప్పాడా అని అడిగారు. మా అమ్మే ఆయనకు ఆ సంగతి చెప్పి ఉంటుంది. చెప్పాడండీ అన్నాడు సుభానీ మామ. ఎన్నిసార్లు అంటే, చానాసార్లండీ అన్నాడు. ప్రతిసారీ ఒకేలా చెప్పాడా అంటే, లేదండీ, పెరుగుద్దండీ అన్నాడు. కోర్టంతా నవ్వింది. జడ్జి గారు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు.

"ఆ పులిని మీరు నమ్మారా?" అని అడిగారు ప్లీడరు గారు.

సుభానీ మామ మా నాయన వైపు చూశాడు. "లేదండీ. మా సందులో ఎవరూ నమ్మలేదండీ. మంచోడు, సరదాకి చెప్తాడని ఊరుకుంటామండీ" అన్నాడు.

ఆ మాటే మా నాయనను విడిపించింది. సరదాకి కోతలు కోసే మనిషి మాటను పట్టుకుని శిక్ష వెయ్యడం కుదరదని ప్లీడరు గారు వాదించారు, తీర్పులోనూ అదే వచ్చింది. వ్యాను కడగటం మా వైపు బండ్లవాళ్ళ ఆనవాయితీ అని పక్క ఊరి డ్రైవరొకడు వచ్చి చెప్పాడు. కేసు కొట్టేశారు. మా అమ్మ ప్లీడరు గారి కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగారు. నేను సంతోషంతో ఏడుస్తూ మా నాయన ముఖం చూశాను. ఆయన ముఖంలో సంతోషం లేదు. సందులో ఎవరూ నమ్మలేదండీ అన్న మాట విన్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇల్లంతా జనం. సుభానీ మామ కూడా వచ్చాడు, వచ్చి మా నాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పరా కొడకా, ఇంకేం భయం అంది నాయనమ్మ. అందరూ టీ గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మా నాయన అందరి ముఖాలూ చూసి, ఏం లేదు, తాగండి, చల్లారిపోద్ది అన్నాడు. అంతే. ఇంకో కథ ఆయన నోటి నుంచి రాలేదు. బతికున్నన్నాళ్ళూ రాలేదు. జనమంతా వెళ్ళాక మా అమ్మ ఆయన పక్కన కూర్చుని, ఇప్పుడైనా నాకు చెప్పవా అని అడిగింది.

"చెప్తే నమ్ముతావా?" అన్నాడు ఆయన.

మా అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కాస్త ఆలస్యమే ఆయనకు సరిపోయింది. లేచి వ్యాను తుడవడానికి పోయాడు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ప్లీడరు గారూ లేరు. ఆ రోజు వ్యానులో ఏం జరిగిందో, ఆ మనిషి ప్రాణం పోయేముందు ఏమన్నాడో తెలిసింది ఒక్క చెవిటి చెవికే. ఆయన మాటిచ్చినట్టే ఎవరికీ చెప్పకుండా పోయాడు.

ఇప్పుడు సందులూ లేవు, టీ గ్లాసులతో వచ్చి కూర్చునేవాళ్ళూ లేరు. ఫోనులో ఒక్కసారి వేలు నొక్కి మాట్లాడితే ఊరంతా వినేస్తుంది. మా రోజుల్లో సుభానీ మామ ఒక్కడే, ఇప్పుడు ఎంతమంది సుభానీ మామలో! అదీగాక మా నాయన మాటను అప్పుడు పెరుగుద్దండీ అని కొట్టేయగలిగారు. ఈ ఫోనులో పడిన మాట పెరగదు, తరగదు, అలాగే ఉండిపోతుంది. ఒకటి మాత్రం మేలు. ప్లీడరును పెట్టుకునే తాహతు లేనివాడికి కోర్టువాళ్ళే ఒకర్ని ఉచితంగా ఇస్తారని, స్టేషనులో ఉన్నప్పుడే అడగవచ్చని ఇప్పుడు కాస్త చదువుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. తెలుసుగానీ అడగరు. రఫీ కూడా ముందు ఎమ్మెల్యే అనుచరుడి ఇంటికి పోయి, అక్కడ గేటు తీయకపోతే నా దగ్గరకొచ్చాడట. మా మేనమామ బుద్ధి ఇంకా చావలేదు అనుకున్నాను.

వాడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అత్తా, అసలేం జరిగిందంటే, అని మొదలుపెట్టాడు. చెయ్యి గాల్లోకి లేచింది. అచ్చం మా నాయన చెయ్యే.

"నాక్కూడా చెప్పమాక" అన్నాను.

లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడి ముఖం చిన్నబోయింది. నువ్వు కూడా నమ్మవా అత్తా అన్నాడు. ఈసారి నేను ఆలస్యం చేయలేదు. నమ్ముతాన్రా అన్నాను. అది నిజమో కాదో చూసుకునే తీరిక నాకు లేదు. ఆలోచిస్తే ఆలస్యమైపోతుందని వెంటనే అనేశాను. ఆ ఫోను అట్లాగే ఉంచు, ఏదీ చెరపమాక, అంతా ప్లీడరుకే చూపించు అని చెప్పి, తలుపుకు తాళం వేసి ఆటో పిలిచాను. దారిపొడవునా వాడు నా పక్కనే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల వైపు చూడకుండా ఉండాలని నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.